సోందా

ఆగస్టులో, సాన్ హువాన్‌లో,
కొండ దిగి సోందా గాలి వచ్చిందంటే బళ్ళు మూసేస్తారు.
తలుపుల కింద తడిగుడ్డలు కుక్కుతారు.
వీధి మొత్తానికి ఒకేసారి తలనొప్పి,
కుక్కలకీ, జడ్జిగారికీ.

అలాంటి మధ్యాహ్నం నా షెడ్డు ముందు
ఫాబ్రిసియో కారాపి దిగాడు, అవమానం మోసుకుంటూ.
“అత్తా, బండి చచ్చుబడింది.
డ్యామ్ ఎత్తు మీద ఓ ట్రక్కు నన్ను దాటిపోయింది.
ఉల్లిపాయల ట్రక్కు.”
ఉల్లిపాయలదని రెండుసార్లు చెప్పాడు.

బానెట్ ఎత్తాను. మొహానికి పొడి మంట కొట్టింది.
తీగ తగిలించి అంకె చూశాను:
ఇంజను పీల్చే గాలి డెబ్బై ఆరు డిగ్రీలు.
జబ్బేం లేదురా, అన్నాను.
నీ ఇంజను తింటున్నది గాలి కాదు, గాలి తొక్క.

వేడెక్కిన గాలి సంతలో గంప లాంటిది.
చూపుకి నిండుగానే ఉంటుంది,
కాటా ఎక్కితే గాని గుట్టు తెలీదు.
పైగా నీ టర్బో దాన్ని పట్టుకుని నొక్కుతుంది.
నొక్కితే గాలి కాలుతుంది.
సైకిల్ పంపు కొసన వేలు పెట్టిన
ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

ఇంటర్‌కూలర్ ఉందిగా అంటావు.
ఉంది, వేణ్ణీళ్ళకి చన్నీళ్ళ తోడు.
చన్నీళ్ళే మరుగుతున్న రోజున
ఎవరికి ఎవరు తోడు?

“అయితే బూస్ట్ పెంచు,” అన్నాడు.
ఇరవై మూడేళ్ళ వాడు ఇంకేమంటాడు.

నేను మాట్లాడకుండా అలమరలోంచి
నట్లు పోసుకునే గిన్నె తీసి వాడి చేతిలో పెట్టాను.
గిన్నె కాదది, పిస్టన్. నడినెత్తిన చిల్లు.
చిన్న నట్లు జారిపోతాయి, పెద్దవే నిలుస్తాయి.
నా ముప్పై ఒకటో ఏట, ఇలాంటి సోందాలోనే,
రాత్రిదాకా ఆగమని ఎవరిస్తో అంటే
ఆగలేదు నేను.
ఖాళీ డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు
ఇంజన్లో చప్పుడు మొదలైంది.
రేడియో గొంతు పెంచాను.

నీ కారులో కంప్యూటర్ నాకన్నా బుద్ధిమంతురాలు.
ఆ శనగల చప్పుడు రాకముందే
నిప్పురవ్వని కాస్త ఆలస్యం చేస్తుంది.
నీ కాలికింద బలం తగ్గిందంటే
దొంగ ఎత్తుకుపోలేదు,
అమ్మ దాచిపెట్టింది.

వాడు పిస్టన్ చిల్లులోంచి నన్ను చూశాడు.
తర్వాత పడమటి వైపు చూశాడు.

ఆ గాలి కొండకి అవతల చల్లనిదే.
ఎక్కుతూ ఎక్కుతూ తనలోని నీళ్ళన్నీ
మంచు చేసి శిఖరాల మీదే వదిలేసింది.
ఒట్టి చేతులతో ఇటు దిగింది.
దిగేకొద్దీ పైనున్న ఆకాశం బరువు దాన్ని నొక్కింది,
నొక్కేకొద్దీ మండింది.
అంటే ఈ కొండంత టర్బో మన ఇంటి వెనకే ఉంది.
ఊరంతా దాని సిలిండర్లో కూర్చున్నాం,
తడిగుడ్డలు కట్టుకుని.

చేపల కొట్లో ఐసు కొనుక్కొచ్చాడు, రెండు సంచులు.
ఇంటర్‌కూలర్ మీద పరిస్తే
అంకె నలభై ఎనిమిదికి దిగింది.
ఒక్క ఎత్తు ఎక్కేలోపు కరిగి
రోడ్డంతా చేపల వాసన.
తిరిగొచ్చేసరికి మళ్ళీ డెబ్బై.

సరే, కూర్చో అన్నాను. మాతే కాచాను.
ఆ వేడిలో వేడి మాతే ఏంటని అడగలేదు వాడు.
ఈ ఊరివాడే కదా.

పదకొండున్నరకి రేకు కప్పు ఒక్కసారి టక్కుమంది.
దక్షిణం నుంచి గాలి తిరిగింది.
వీధిలో ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది.
ఎవరో నిద్రలోనే స్వెట్టర్ కోసం కేకేశారు.

డ్యామ్ దారిలో మూడో గేరులో
నా వీపు సీటుకి అతుక్కుంది.
అంకె ఇరవై తొమ్మిది.
వాడేమీ అనలేదు, నేనూ అనలేదు.

ఎత్తు మీద మలుపులో ఓ ట్రక్కు పక్కకి ఆగి ఉంది,
లైట్లు ఆర్పేసి.
లోపల డ్రైవర్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
కిటికీలోంచి ఉల్లిపాయల వాసన.

“దాటేశాం,” అన్నాడు ఫాబ్రిసియో.